కుళ్ళడం, మాగడం

నాన్న పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున చూస్తే, హాల్లో ఒక మూలన రెండు పెద్ద గోనె సంచుల నిండా దండలు. ఫొటోకి వేసినవి కొన్ని, వచ్చినవాళ్లు తెచ్చి కుర్చీ మీద పెట్టినవి కొన్ని. బంతి, చామంతి, లిల్లీ, అక్కడక్కడా గులాబీ. ఎండాకాలం కావడంతో అడుగున ఉన్నవి అప్పటికే మెత్తబడి, ముక్కిపోయిన వాసన మొదలైంది.

మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద రెండొందల లీటర్ల నీలం డ్రమ్ములు రెండున్నాయి. పక్కలకి బెజ్జాలు పెట్టించి మూడేళ్లుగా నేనే వాటిలో కంపోస్ట్ చేస్తున్నాను. మా వంటింటి చెత్త, ఇంకో నాలుగిళ్లది, వీధిలో రాలే కానుగాకులు. అందుకే ఆ దండల్ని ఏం చెయ్యాలన్నది నాకసలు ప్రశ్నగానే తోచలేదు. ఒక సంచి భుజాన వేసుకుని మెట్ల వైపు నడుస్తుంటే, ఎక్కడికని అమ్మ అడిగింది. చెప్పాను.

“ఆయన దండల్ని అరటి తొక్కల్లో వేస్తావా?”

“పువ్వులే కదమ్మా” అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అమ్మ కాసేపు నావంక చూసి, గొంతు కూడా పెంచకుండా ఇంకో మాట అంది.

“ఆయన్ని తినేసిన పురుగులకే ఈ దండలు కూడా పెడతావా?”

నాన్న పోయింది రక్తానికి పాకిన ఇన్ఫెక్షన్‌తో. పదకొండు రోజులు ఐసీయూలో ఉన్నాడు. కల్చర్ రిపోర్టులో ‘క్లెబ్సియెల్లా న్యుమోనియే’ అని ఉంది. దాని కింద మందుల పట్టిక, దాదాపు ప్రతి మందు పక్కనా ‘ఆర్’ అన్న అక్షరం. ఆర్ అంటే రెసిస్టెంట్. ఆ మందుకి అది లొంగదని. అమ్మకి ఆ పేరు నోరు తిరగదు కానీ సంగతి తెలుసు. డాక్టరుగారు ఆమెకి అర్థమయ్యేలా “రక్తంలో పురుగు చేరిందమ్మా” అని చెప్పారు.

సంచి కింద పెట్టాను. “అవి వేరమ్మా, ఇవి వేరు. ఇవి మంచివి” అన్నాను. అమ్మ ఇంకేమీ అనలేదు. సంచులు ఆ పూటంతా అక్కడే ఉండిపోయాయి.

తర్వాత ఆలోచిస్తే, అమ్మ అడిగినవి రెండు ప్రశ్నలు. గౌరవం ఇవ్వాల్సినదాన్ని మిగతా చెత్తతో కలపొచ్చా అన్నది ఒకటి. చంపిన చేతికే నైవేద్యం పెడతామా అన్నది రెండోది. నేను మొదటిదానికి జవాబే ఇవ్వలేదు. రెండోదానికి ఇచ్చిన జవాబు తప్పు. ఎందుకు తప్పో తేల్చుకోడానికే ఇది రాస్తున్నాను.

*

ముందు డ్రమ్ములో ఏం జరుగుతుందో చెప్పాలి.

పచ్చి చెత్తని ఎండాకులతో కలిపి, పిండిన స్పాంజి అంత తడి ఉండేలా చూసి పోగు వేస్తే, మొదటి రెండు మూడు రోజులు మామూలు వేడిలో బతికే బాక్టీరియాది రాజ్యం. అవి ఎక్కడినుంచో తెచ్చి వెయ్యాల్సినవి కావు. ఆకు మీద, తొక్క మీద, మన చేతి మీద ముందే ఉన్నాయి. తేలిగ్గా అరిగేవి ముందు తింటాయి: చక్కెరలు, పిండి, ప్రొటీన్లు. మనలాగే ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి, ఆ పనిలో వేడి పుడుతుంది. కుప్ప మధ్యలో ఆ వేడికి బయటికి పోయే దారుండదు. 40 డిగ్రీలు దాటాక మొదటి బ్యాచ్ తగ్గిపోయి వేడిని తట్టుకునేవి అందుకుంటాయి, ముఖ్యంగా బాసిల్లస్ కుటుంబంవి. మనిషి నడుము ఎత్తు కుప్పయితే 60 కూడా దాటుతుంది. మా డ్రమ్ము చిన్నది, బాగా నింపినప్పుడు 50 దాకా చూశాను. 55 డిగ్రీల పైన వరసగా మూడు రోజులుంటే మనకి జబ్బు చేసే క్రిములు చాలావరకు చస్తాయి, కలుపు గింజలు కూడా. 70కి పోతే ఆ వేడిని పుట్టించినవే దానికి బలైపోతాయి.

తిండి తగ్గాక కుప్ప చల్లబడుతుంది. అప్పుడు బూజులు, ఆక్టినోబాక్టీరియా వస్తాయి. ఈనెలు, కాడలు, పొట్టు, అంటే సెల్యులోజ్, లిగ్నిన్ లాంటి మొండి సరుకు వాటి వంతు. ఇది నిదానంగా, నెలల తరబడి సాగే పని. చివరికి మిగిలే నల్లటి పొడి మొదటి కుప్పలో సగం కూడా ఉండదు. మిగతాది గాలిలోకి, ఆవిరిలోకి పోయింది.

వీటికి కావలసినవి నాలుగే: తిండి, తడి, గాలి, కార్బన్-నైట్రోజన్ పాళ్లు. నైట్రోజన్ ఒకటైతే కార్బన్ ఇరవై అయిదు, ముప్ఫై దాకా ఉండాలి. పచ్చివాటిలో నైట్రోజన్ ఎక్కువ, ఎండాకుల్లో కార్బన్ ఎక్కువ, అందుకే రెండూ కలపడం. ఈ పనిని ఒక పద్ధతిగా కుదిర్చి రాసింది మన దేశంలోనే. 1924లో ఇండోర్‌లో మొదలైన పరిశోధన సంస్థలో ఆల్బర్ట్ హోవర్డ్, యశ్వంత్ వాడ్ చేసిన ప్రయోగాలు 1931లో పుస్తకంగా వచ్చాయి. ఇండోర్ పద్ధతి అన్న పేరు అలా వచ్చిందే. పైన ఇద్దరి పేర్లూ ఉన్నాయి, లోకం మాత్రం హోవర్డ్‌నే గుర్తుపెట్టుకుంది. ఆ పద్ధతిలో సగం విద్య ఒక్క పనిలోనే ఉంది: కొన్ని వారాలకోసారి కుప్పని తిరగెయ్యడం. తిరగేస్తే లోపలికి గాలి పోతుంది. బాక్టీరియా చెయ్యలేనిది, మనిషి చెయ్యగలిగేది అదొక్కటే.

*

ఇప్పుడు నేను అమ్మకి చెప్పిన జవాబు. అవి వేరు, ఇవి వేరు.

అది సగమే నిజం. డ్రమ్ములో పనిచేసే కోటానుకోట్ల వాటిలో మనుషుల జోలికి వచ్చేవి బహు తక్కువ. కానీ క్లెబ్సియెల్లా ఆస్పత్రిలో పుట్టిన జీవి కాదు. మట్టిలో ఉంటుంది, నీళ్లలో ఉంటుంది, మొక్కల మీద ఉంటుంది, ఏ జబ్బూ లేని మనిషి పేగుల్లో కూడా ఉంటుంది. ఆ జాతిలో గాలిలోని నత్రజనిని పట్టుకోగలిగే రకాలూ ఉన్నాయి. అంటే ఇంకోచోట మనం ‘మేలు చేసేవి’ అని చెప్పుకునే పని. మా డ్రమ్ములో అది లేదని నేను ప్రమాణం చెయ్యలేను. ఉండే అవకాశమే ఎక్కువ.

ఇంకో వైపు నుంచి కూడా ఈ గీత చెరిగిపోతుంది. నాన్నకి చివర్లో ఇచ్చిన మందు మెరోపెనెమ్. బిల్లుల్లో ఎక్కువసార్లు కనిపించిన పేరు అదే కాబట్టి గుర్తుండిపోయింది. దాన్ని తయారుచేసేది ఫ్యాక్టరీలో, కానీ ఆ కుటుంబానికి మూలపురుషుడు థియనామైసిన్ అనే పదార్థం. 1970లలో దాన్ని కనిపెట్టింది స్ట్రెప్టోమైసిస్ అనే మట్టి బాక్టీరియాలో ఒక రకం నుంచి. 1943లో స్ట్రెప్టోమైసిన్ వచ్చింది ఆ జాతి నుంచే, పేరులోనే ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకి నాయకత్వం వహించిన లెడర్లే సంస్థలో బెంజమిన్ డగ్గర్ బయటపెట్టిన ఆరియోమైసిన్, 1948లో లోకానికి తెలిసిన మొదటి టెట్రాసైక్లిన్, అదీ ఆ జాతి నుంచే. ఇవన్నీ పైన చెప్పిన ఆక్టినోబాక్టీరియా కుటుంబం. మాగిన కంపోస్టుకి తొలకరి వాసన వచ్చేది వీటివల్లే. ఆ వాసన పేరు జియోస్మిన్.

మందులు మట్టిలోవే, సరే. మందుల్ని ఎదిరించే విద్య కూడా అక్కడిదే. పక్కవాడు విషం తయారుచేస్తుంటే, ఆ విషానికి విరుగుడు ఉన్నవాడే బతుకుతాడు. ఈ పోటీ మన ఆస్పత్రుల కంటే, మన జాతి కంటే పాతది. మనం మందుల్ని ఎడాపెడా వాడి ఆ విరుగుడున్నవాటికి ఎదురులేకుండా చేశాం.

అంటే, నాన్నని చంపినదాని బంధువులూ, నాన్నని కాపాడదామని చూసినదాని బంధువులూ ఒకే డ్రమ్ములో ఉన్నారు. ‘ఇవి మంచివి’ అన్న నా మాటకి ఇంక అర్థం ఏముంది?

*

ఉద్దేశం లేనివాళ్ల మీద కోపం పెట్టుకోవచ్చా అన్నది పాత ప్రశ్న. 1962లో పి.ఎఫ్. స్ట్రాసన్ అనే ఇంగ్లీషు తత్వవేత్త స్వేచ్ఛ గురించీ ఆగ్రహం గురించీ ఒక వ్యాసం రాశాడు. కోపం, కృతజ్ఞత, క్షమ లాంటివి మనం ఒకరి పట్ల ఒకరం చూపించే స్పందనలని, అవతలి మనిషి మనసులో మనపట్ల మంచి ఉందా చెడు ఉందా అన్నదాని మీద అవి ఆధారపడతాయని అంటాడు. నా చెయ్యి లిఫ్టు తలుపులో పడితే నొప్పి ఒకటే, కానీ తలుపు దానంతటది మూసుకోవడం వేరు, పక్కింటాయన చూస్తూ చూస్తూ మూసెయ్యడం వేరు. రెండోదానికే కోపం. మొదటిదానికి చిరాకు, మెకానిక్‌కి ఫోను.

మన దగ్గర కూడా ఈ చర్చ చాలా పాతది. బౌద్ధులు కర్మని చేతనతో, అంటే సంకల్పంతో ముడిపెట్టారు. తెలియక చీమని తొక్కడం, తెలిసి తొక్కడం ఒకటి కాదన్నారు. జైనులు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. తెలియకపోవడం కూడా ఒక అజాగ్రత్తే అని, నడిచేచోట ఊడ్చుకుంటూ నడవమన్నారు.

స్ట్రాసన్ లెక్క ప్రకారం క్లెబ్సియెల్లా లిఫ్టు తలుపు లాంటిది. దానికి నాన్న అంటే పగ లేదు. దానికి నాన్న అన్న మనిషే లేడు. ఉన్నది 37 డిగ్రీల వేడి, తడి, తిండి. ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని నేను ఇలాగే నాకు నేను సర్దిచెప్పుకున్నాను, కొంచెం పనిచేసింది కూడా. తప్పుపట్టడానికి ఎవరూ లేరు, ఇది జీవశాస్త్రం.

కానీ కోపానికి తావు లేకపోతే కృతజ్ఞతకి కూడా లేదు. ఇది నాకు ఆలస్యంగా తట్టింది. మూడేళ్లుగా నేను ఆ డ్రమ్ము మూత తీసినప్పుడల్లా లోపలివాటిని ముద్దు చేస్తూనే ఉన్నాను. ఆఫీసులో వాటి గురించి కథలు చెప్పాను. ‘నా టీమ్’ అన్నాను, జీతం అడగదు, సెలవు పెట్టదు అని జోకులేశాను. పెరుగు ప్యాకెట్ల మీద రాసే ‘మంచి బాక్టీరియా’ అన్న మాట నా నోట్లోకి కూడా వచ్చేసింది. వాటి మీద నా ప్రేమ, వాటి మీద అమ్మ పగ, రెండూ ఒకే పొరపాటు. మనసు లేనిదానికి మనసుని అంటగట్టడం. తేడా ఏమిటంటే, అమ్మది అమాయకత్వం అనుకున్నాను, నాది సైన్స్ అనుకున్నాను.

అయితే స్ట్రాసన్ ఇంకోటి కూడా అంటాడు. ఈ స్పందనల్ని ఒక సిద్ధాంతం చెప్పి రద్దు చెయ్యలేం. అవి మనుషుల మధ్య మనుషులుగా బతకడంలో భాగం. అమ్మకి జీవశాస్త్రం బాగా నేర్పినా ఆ పగ పోదు. యాభై ఏళ్ల కాపురం అంత లెక్కగా ముగియదు. పోనీ, ఆ పగకి సరైన చిరునామా ఏదైనా ఉందా? నా కృతజ్ఞతకి?

*

దీనికి జవాబు నాకు ఏ పుస్తకంలో కన్నా ముందు రెండు తెలుగు మాటల్లో దొరికింది.

టమాటా కుళ్ళింది అంటాం. మామిడిపండు మాగింది అంటాం. వ్యవసాయ శాఖ కరపత్రం చూడండి, ‘బాగా మాగిన పశువుల ఎరువు’ అని ఉంటుంది, లేకపోతే ‘చివికిన ఎరువు’ అని. ‘కుళ్ళిన ఎరువు’ అనరు. పిండి పులుస్తుంది, కుళ్ళదు. అన్నిట్లోనూ కంటికి కనపడనివి ఎవరో పెద్దదాన్ని చిన్నముక్కలు చేస్తున్నారు, పచ్చిదాన్ని ఇంకోటిగా మారుస్తున్నారు. (పండు మాగడంలో పండు సొంత ఎంజైములది పెద్ద చెయ్యి, అది వేరే సంగతి.) కానీ మనం ఒకదానికి ముక్కు మూసుకుంటాం, ఒకదాని కోసం ఎదురుచూస్తాం. చివరికి పక్కవాడి బాగు చూసి ఓర్వలేకపోవడాన్ని కూడా కుళ్ళు అన్నాం.

‘పెంట’కి ఏమైందో కూడా చూడండి. ఇవాళ అది తిట్టు, మీటింగులో ఎవరైనా పని పాడుచేస్తే అనే మాట. నాన్న చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో పెంటకుప్ప ఇంటి ఆస్తి. ఎంత పెద్దదైతే అంత గొడ్డూ గోదా ఉన్న ఇల్లని. సంక్రాంతి ముందు ముగ్గుల్లోకి పేడ, వేసవిలో పొలంలోకి పెంట, ఈ రెండిటి గురించీ నాన్న ఒకే గొంతుతో చెప్పేవాడు.

ఈ తేడా ఎక్కడుంది? పువ్వులో లేదు. ఆ రెండు సంచుల్నీ నేను నల్ల కవర్లో కట్టి కింద పెట్టేస్తే ఏం జరిగేదో ఆలోచించాను. ఆటో వచ్చి తీసుకెళ్లేది. మా చెత్త చివరికి చేరేది జవహర్‌నగర్ డంప్ యార్డుకి. అక్కడ కూడా బాక్టీరియా పనే చేస్తాయి. కాకపోతే కవరు ముడి లోపల, పైన పడిన చెత్త బరువు కింద, గాలి ఉండదు. గాలి లేకుండా బతకగలిగేవి అందుకుంటాయి. అవి వదిలేది మీథేన్, వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు భూమిని వేడెక్కించే వాయువు. కుప్ప అడుగునుంచి నల్లటి రసం ఊరుతుంది. ఆ రసం మల్కారం చెరువునీ, చుట్టుపక్కల బోర్లనీ ఏం చేసిందో అక్కడి కాలనీలవాళ్లు ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు, ధర్నాలు చేస్తూనే ఉన్నారు.

అవే పువ్వులు. ఒకచోట మట్టి, ఒకచోట ఇంకొకరి బోరులో విషం. తేడా గాలి. ఆ గాలి లోపలికి పోయే ఏర్పాటు ఎవరో చేశారా లేదా అన్నదే కుళ్ళడానికీ మాగడానికీ మధ్య తేడా.

అంటే, ఇందులో మంచీ చెడూ అన్నవి ఉంటే గింటే బాక్టీరియా దగ్గర లేవు. అవి ఉన్న పరిస్థితుల్లో తమ పని తాము చేస్తాయి. పరిస్థితుల్ని పెట్టేది మనం. చెడిపోకుండా ఆపడం మన చేతుల్లో లేదు. ఎలా చెడుతుంది, ఎవరింటి పక్కన చెడుతుంది అన్నది మాత్రం మన చేతుల్లో ఉంది. కోపానికీ కృతజ్ఞతకీ చిరునామా ఉండాల్సింది అక్కడ. ఆస్పత్రి సంగతిలో కూడా అంతే. జలుబు చేసినప్పుడల్లా షాపులో యాంటీబయాటిక్ అడిగి రెండ్రోజులు మింగి ఆపేసిన వాళ్లలో నేనున్నాను, నాన్న ఉన్నాడు. ‘ఆర్’ అన్న అక్షరాన్ని ఆ రిపోర్టులో రాసిన చేతులు చాలా ఉన్నాయి. వాటిలో మావి లేవని చెప్పలేను.

*

ఇది రెండో ప్రశ్నకి జవాబు. మొదటిది మిగిలింది. ఆయన దండల్ని అరటి తొక్కల్లో వేస్తావా?

ఆ సాయంత్రం బాబాయ్ ఫోన్ చేసి “ప్రవహించే నీళ్లలో కలపాలిరా, అది పద్ధతి” అన్నాడు. హైదరాబాద్‌లో ప్రవహించే నీళ్లంటే మూసీ. నేను ఆ మాటే అన్నాను, ఆయన “అయితే కృష్ణకి తీసుకురా” అన్నాడు. అమ్మ మాత్రం వేరే సంగతి ఎత్తింది. తిరుమలలో స్వామికి వేసిన దండల్ని మిగతా గుళ్లలోలా భక్తులకి ఇవ్వరు, వాటిని పూలబావిలో వెయ్యడం అక్కడి ఆచారం. “బావి ఎందుకు కట్టారంటావ్? ఎక్కడ పడితే అక్కడ పారెయ్యకుండా, ఎవరి కాలికిందా పడకుండా” అంది.

నిర్మాల్యం అన్న భావన నాకు అప్పుడు కొంచెం అర్థమైంది. పువ్వు పనైపోయింది. కానీ పనైపోయింది కదా అని దాంతో మన సంబంధం ఆ క్షణమే తెగిపోదు. దాని ముగింపుకి కూడా ఒక చోటు చూపించాలి. 2021లో టీటీడీ గుళ్లలో వాడిన పూలతో అగరబత్తీలు చెయ్యడం మొదలుపెట్టారు. అది కూడా అదే బాధ్యతకి కొత్త రూపం అనుకుంటాను. నది అన్నది ఒకప్పుడు అలాంటి చోటే అయ్యుంటుంది. ఊరికి నాలుగు దండలైతే నది అరిగించుకుంటుంది. కోటిమంది ఉన్న ఊరికి నది అంటే కంటికి కనపడకుండా చెయ్యడమే. నల్ల కవరు కన్నా పవిత్రంగా ఉంటుంది, అంతే తేడా.

ఇక్కడిదాకా వాదన నావైపే ఉంది. కానీ “పువ్వులే కదమ్మా” అన్న మాటలో నా తప్పు నాకు కనిపించింది కూడా ఇక్కడే.

బాక్టీరియాకి నాన్న మెడలో దండకీ, నిన్నటి అరటి తొక్కకీ తేడా లేదు. రెండూ కార్బన్, నైట్రోజన్. మెటీరియలిస్టుగా చెప్పుకునే నాలాంటివాళ్లకి అది చాలా గొప్పగా, సమదృష్టిలాగా కనిపిస్తుంది. కానీ సమదృష్టి అంటే తేడా తెలిసి కూడా సమానంగా చూడగలగడం. తేడా తెలియకపోవడం సమదృష్టి కాదు. తెలియకపోవడం బాక్టీరియాకి తప్పు కాదు, వాటి పనికి అదే కావాలి. నేను వాటి చూపుని అరువు తెచ్చుకుని అమ్మ ముందు పెట్టాను. పోయి పన్నెండు రోజులైన మనిషి దండని ఆయన భార్య ముందు ‘పచ్చి చెత్త’ గడిలో వేశాను. కలిపెయ్యడం వాటి పని. కలిపే ముందు ఇది ఏమిటో, ఎవరిదో తెలిసి ఉండడం మనిషి పని. నేను నా పని చెయ్యకుండా వాటి పనికి తొందరపడ్డాను.

*

మర్నాడు పొద్దున నేను మళ్లీ అడగలేదు. ఒక పాత దుప్పటి పరిచి సంచులు కుమ్మరించాను. ఎక్కడ వేసినా ముందు దారాలు తియ్యాల్సిందే. అమ్మ చిన్నప్పుడు దండలు అరటి నారతో కట్టేవాళ్లట. ఇప్పుడు అన్నీ నైలాన్ దారం, మధ్యలో బంగారు రంగు జరీ కాగితం, కుచ్చులకి ప్లాస్టిక్ పూసలు, ఒకదాని వెనక థర్మోకోల్ చక్రం. వీటిని తినే బాక్టీరియా మా డ్రమ్ములో లేదు. పదేళ్లయినా అలాగే ఉంటాయి. నేను కత్తెరతో మొదలుపెట్టాను. కాసేపటికి అమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది.

ఆమెకి కత్తెర అక్కర్లేదు. ముడి ఎక్కడుందో వేలికి తెలుసు, లాగితే మూరెడు పువ్వులు ఒకేసారి రాలతాయి. ఏ దండ ఎవరు తెచ్చారో కూడా ఆమెకి గుర్తే. “ఇది మీ మేనత్తవాళ్లది. ఇది ఆయన ఆఫీసు స్నేహితులది, అందరూ కలిసి తెచ్చారు. ఈ లిల్లీ దండ కింద ఫ్లోర్ ఆవిడ తెచ్చింది, ఆవిడకి ఆయన రోజూ పేపరు ఇచ్చేవాడుగా.” ఆ పేపరు సంగతి నాకు తెలీదు. మూడు గంటలు పట్టింది. చివర్లో అమ్మ ఒక దండ పక్కకి పెట్టింది, తను వేసింది. దాన్ని విప్పనివ్వలేదు. నేను అడగలేదు. మాసికానికి ఊరెళ్లినప్పుడు కృష్ణలో వదిలింది, నైలాన్ దారంతో సహా. అక్కడ నేను నోరు మూసుకున్నాను.

మిగతావి ఇద్దరం పైకి తీసుకెళ్లాం. ఖాళీగా ఉన్న రెండో డ్రమ్ములో అడుగున కానుగాకులు, పైన పువ్వులు, మళ్లీ ఆకులు, కాస్త పాత కంపోస్టు, ఒక గ్లాసు పుల్లమజ్జిగ. అరటి తొక్కలు వెయ్యలేదు. శాస్త్రం ప్రకారం వేసినా ఏమీ కాదు. అయినా వెయ్యలేదు. నాలుగో రోజుకి లోపల 51 డిగ్రీలు. మూత తీస్తే ఆవిరి వచ్చింది. అమ్మని పిలిచి చూపించాలా వద్దా అని ఆలోచించి, ఆ రోజుకి ఊరుకున్నాను. వారానికోసారి తిరగేశాను. రెండు మూడుసార్లు నేను ఆఫీసులో ఉండగా తనే తిరగేసిందని తర్వాత తెలిసింది.

మూడున్నర నెలలకి జల్లెడ పట్టాం. పద్దెనిమిది కిలోల పువ్వులు, దాదాపు అన్ని ఆకులు. వచ్చింది ఒక బకెట్టున్నర. అమ్మ పిడికెడు తీసి వాసన చూసి “వానొచ్చినట్టుంది” అంది.

“ఇందులో ఆయనవి ఏవి?” అని అడిగింది.

“విడదియ్యలేం అమ్మా. అన్నీ కలిసిపోయాయి” అన్నాను. ఈసారి ఇది మంచిదనో, మరొకటనో ఏమీ చెప్పలేదు. ఆమె తలూపింది. కరివేపాకు కుండీలో వేసింది, మందారానికి వేసింది. తులసి కోటలో వెయ్యలేదు. ఎందుకో నాకు తెలుసుననుకుంటాను, లేకపోతే తెలియకపోవచ్చు. అడగాలనిపించలేదు.

ఆ రోజు తీసిన దారాలు, జరీ కాగితాలు ఉండగా చుట్టి టెర్రస్ గోడకున్న మేకుకి తగిలించాను. పొడి చెత్తలో వెయ్యాలి. ఆటోలో వేస్తే ఎక్కడికి పోతాయో నాకు తెలుసు. ఇప్పటికి నాలుగు నెలలైంది. ఇంకా అక్కడే వేలాడుతున్నాయి. ఎండకి రంగు కూడా పెద్దగా పోలేదు.